వాటర్ క్వాలిటీ

నరసాపురం రేవులో పంటెక్కుతుంటే
టికెట్టు కుర్రాడు అట్టపెట్టె వంక చూసి
"ఏటండది, వాటర్ ఫిల్టరా?" అన్నాడు.
ఆయ్, అనేశాను.
కంప్యూటరంటే రేటడుగుతాడు.
రేటు చెబితే, సఖినేటిపల్లిలో దిగేలోపు
మా నాన్న చెవిన పడిపోతుంది.

రేటు నాకు నోటికొచ్చు.
ప్రాసెసరంటే రెండు పట్టుబడుల బోనసు.
బోర్డంటే కొనకుండా మానేసిన ఫోను.
తెర మా బావ పాతది, ఒక మూల పసుపు.
ర్యాము ఒకటే పలక, ఎనిమిది జీబీ;
రెండోది వచ్చే పంటకి.
పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దన్నాడు
మోటార్లు చుట్టే సువార్తరాజు.
"చెరువుల మీద కరెంటు నీకు కొత్తా?
వోల్టేజి ఊగితే ముందు పోయేది ఖరీదైందే."

గ్రాఫిక్స్ కార్డు, భీమవరంలో ఎత్తేసిన నెట్ సెంటర్‌ది.
దాని ఫ్యానులో ఇంకా ఎవరిదో పొడుగు వెంట్రుక,
అగరబత్తి బూడిద.
పెయింటు బ్రష్షుతో అరగంట దులిపాను.
దీని మీద ఎవరెవరు ఓడిపోయారో.

కాపలా లేని రాత్రి చూసుకుని
మేత బస్తాలు జరిపి, చెక్క బల్ల మీద అన్నీ పరిచాను.
ముట్టుకునే ముందు ఇనుము తాకమన్నారు.
కిటికీ ఊచ పట్టుకున్నాను.
ఉప్పుగాలికి పొరలు లేచిన ఊచ,
అరచెయ్యంతా ఎర్రన.
కడుక్కొచ్చి, తుడుచుకుని,
మళ్ళీ తాకాలా అని
కాసేపు అలాగే నిలబడిపోయాను.

పేస్టు బియ్యపు గింజంత చాలన్నారు.
ఏ బియ్యమో ఎవరూ చెప్పలేదు.
మా ఇంట్లో వండేవి రెండు రకాలు:
కోటా బియ్యం, చుట్టాలొస్తే సన్నాలు.
మధ్యస్థంగా ఒక గింజ ఊహించుకుని నొక్కాను.

స్విచ్చేస్తే ఫ్యాన్లు తిరిగాయి.
తెర నల్లగా.

ఫ్యాన్లు తిరగడం కాదు ప్రాణమంటే.
ఏరియేటర్లు తిరుగుతుండగానే
తెల్లారేసరికి చెరువంతా తేలిపోయిన రాత్రి
నేను చూశాను.

సువార్తరాజుకి ఫోన్ చేస్తే నిద్రలోనే
"తీసి మళ్ళీ పెట్టు" అన్నాడు.
"ఏది?"
"ఏదైనా."

ర్యాము తీశాను.
ఇందాక భయంభయంగా నొక్కానని అప్పుడర్థమైంది,
డబ్బు పోసి కొన్నది కదా, విరుగుతుందేమోనని.
బొటనవేళ్ళు రెండూ తెల్లబడేదాకా నొక్కితే
ఒక చివర టిక్.
ఇంకాసేపటికి
రెండో చివర.
అవతల గదిలో నాన్న పక్క మీద కదిలాడు.
తెర మీద తెల్లటి అక్షరాలు లేచి
ఎనిమిదికి ఎనిమిదీ అప్పజెప్పాయి.

ఆట ముప్పై ఎనిమిది జీబీ.
నా ఫోను రోజుకి ఒకటిన్నర.
చిన్నప్పుడు రాని భాగహారం ఇప్పుడొచ్చింది: ఇరవై ఆరు రోజులు.
రోజూ రాత్రి మేత చల్లినట్టు
కాస్త కాస్త పోశాను.

ఇరవై ఏడో రాత్రి
కొండలు, మంచు, మనుషుల్లేని ఊరు.
బాగానే నడిచింది.
నది ఒడ్డుకొచ్చేసరికి
ఆగి, తెగి, మళ్ళీ ఆగి, ఒక్కో బొమ్మా.
నీళ్ళు చెయ్యడం ఈ కార్డు వల్ల కాదట,
అలలు, తళుకులు, అడుగున గులకరాళ్ళ నీడలు.
గోదారికీ సముద్రానికీ నడుమ పుట్టినోణ్ణి,
నీళ్ళ దగ్గర ఇరుక్కుపోయాను.

సెట్టింగుల్లో
వాటర్ క్వాలిటీ: అల్ట్రా, హై, మీడియం, లో.
రోజూ చీకటితో లేచి
ఉప్పెంత, పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని
సీసాల్లో పట్టి పుస్తకంలో రాసే మనిషిని.
తక్కువని రాసిన రోజు
యజమాని ముఖం చూడలేం.

లో పెట్టాను.

నది నున్నగా అయిపోయింది, నీలం రేకులా.
ఈది దాటాను.
అవతలి ఒడ్డున ఎవరూ టికెట్టడగలేదు.

వెనక తలుపు దగ్గర నాన్న.
ఎప్పట్నుంచి నిలబడ్డాడో.
"నెలైంది, ఆ ఫిల్టరు ఇంకా
ఒక్క గ్లాసివ్వలేదేంటా అనుకుంటున్నాను" అన్నాడు.
మేత బస్తా లాక్కుని కూర్చున్నాడు.
"ఆ నీళ్ళల్లో చేపలుంటాయా?"

పెంచితే కనబడతాయి, కానీ ఆగిపోద్ది, అన్నాను.

"ఆగితే ఆగింది.
పెంచు."